ఉన్నత పాఠశాలల్లో బహుళ సంస్కృతుల సంగీతం: కోడుమూరు ప్రాంతం ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 ఉపోద్ఘాతం
9.2 కర్నూలు, కడప ప్రాంతాల సంగీత వారసత్వం
9.3 సంగీతం బడిలోకి వచ్చిన తీరు
9.4 ఇతర దేశాల అనుభవం
9.5 రాజ్యాంగం, తరగతి గది
9.6 కులం, స్త్రీలు, గౌరవం
9.7 తరగతిలో బోధన: కొన్ని మార్గాలు
9.8 సారాంశం
9.9 ముఖ్య పదాలు
9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• కర్నూలు, కడప ప్రాంతాల్లో వివిధ భాషల, మతాల, కులాల సంగీత సంప్రదాయాలు ఎలా ఏర్పడ్డాయో వివరించగలుగుతారు.
• ఇరవయ్యో శతాబ్దంలో పాఠశాల సంగీతం ఏ సంప్రదాయాలను స్వీకరించిందో, వేటిని బయట ఉంచిందో తెలుసుకుంటారు.
• భక్తి సంగీతాన్ని ప్రభుత్వ పాఠశాలలో బోధించేటప్పుడు రాజ్యాంగం విధించే హద్దులను గుర్తించగలుగుతారు.
• మీ ఊరి సంగీత చరిత్రను మౌఖిక ఆధారాలతో నమోదు చేయగలుగుతారు.

9.1 ఉపోద్ఘాతం

కర్నూలుకు పడమర వైపున, హంద్రీ నదికి చేరువలో ఉన్న మండల కేంద్రం కోడుమూరు. వాన తక్కువ, మెట్ట సేద్యం ఎక్కువ. వేరుశనగ, పత్తి, ఉల్లి పండించే ఊళ్ళు దాని చుట్టూ ఉన్నాయి. కరువు సీమ అనగానే మనకు ఎండిన చెరువులు, వలసలు గుర్తుకు వస్తాయి. అయితే ఈ నేలలో ఒక విషయానికి మాత్రం ఎన్నడూ కరువు లేదు. అది పాట. గుడిలో భజన, దర్గాలో ఖవ్వాలీ, చర్చిలో కీర్తన, పీర్ల చావిడి ముందు పదం, జాతరలో తప్పెట, తండాలో సుగాలీల పాట ఒకే మండలం పరిధిలో వినిపించడం ఇక్కడ వింత కాదు.

ఇన్ని రకాల సంగీతం మధ్య పెరిగిన పిల్లవాడు ఎనిమిదో తరగతికో, తొమ్మిదో తరగతికో వచ్చేసరికి బడిలో వినే సంగీతం ఎంత? ఉదయం ప్రార్థన గీతం, జాతీయ గీతం, వార్షికోత్సవానికి నేర్చుకునే ఒకటి రెండు పాటలు. చాలా పాఠశాలల్లో అంతకు మించి లేదు. ఊరి సంగీతానికీ బడి సంగీతానికీ మధ్య ఈ దూరం ఎలా వచ్చింది? దాన్ని తగ్గించడం సాధ్యమా? తగ్గించేటప్పుడు ఎదురయ్యే చిక్కులు ఏమిటి? ఈ పాఠంలో మనం చర్చించేది ఇదే.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పడం అవసరం. 1970ల మొదట్లో నేను ఈ ప్రాంతంలోనే ఒక ఉన్నత పాఠశాలలో చదువుకున్నాను. ఒక ఏడాది వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథిని ఊరి మొగదల నుంచి బడి దాకా తప్పెట మేళంతో తీసుకువచ్చారు. బడి గేటు దగ్గరికి రాగానే మేళం ఆగిపోయింది. అతిథి లోపలికి వెళ్ళాడు. తప్పెటల వాళ్ళు బయట వేపచెట్టు కింద కూర్చున్నారు. లోపల వేదిక మీద హార్మోనియంతో ప్రార్థన గీతం మొదలైంది. మేళంలో ఉన్న ఒకరి కొడుకు మా తరగతిలోనే ఉండేవాడు. ఆ సాయంత్రమంతా అతను మా వెనక నక్కి కూర్చున్నాడు, గేటు వైపు చూడలేదు. మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. అతన్నీ ఎవరూ ఏమీ అనలేదు. కానీ ఏది సంగీతం, ఏది కాదు అన్న పాఠాన్ని ఆ రోజు మా అందరికీ ఆ గేటే చెప్పింది. ఆ పాఠం ఏ పుస్తకంలోనూ లేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే చరిత్రలోకి వెళ్ళాలి.

9.2 కర్నూలు, కడప ప్రాంతాల సంగీత వారసత్వం

9.2.1 కీర్తన, తత్వం, దాసుల పదం

కడప జిల్లా రాజంపేట సమీపంలోని తాళ్ళపాక అన్నమాచార్యుని (1408–1503) జన్మస్థలం. ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమలలో భద్రపరచడం వల్ల మనకు దక్కాయి. రేకుల మీద రాగాల పేర్లు ఉన్నాయి గాని స్వరాలు లేవు. కాబట్టి ఈనాడు మనం వినే వరుసలలో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కూర్చినవే. వారిలో అనంతపురం జిల్లాకు చెందిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) ముఖ్యుడు. మరో సంగతి గమనించండి. అన్నమాచార్యుడు సువ్వి, లాలి, గొబ్బి, కోలాటం, ఏల వంటి జానపద రూపాలను తన రచనల్లో విరివిగా వాడుకున్నాడు. రోకటి దగ్గర పాడుకునే పాటకూ గుడిలో పాడే కీర్తనకూ ఆయన కాలంలో రాకపోకలు ఉండేవని దీని వల్ల తెలుస్తుంది.

కడప జిల్లాలోనే కందిమల్లాయపల్లె పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి మఠానికి నెలవు. ఆయన శిష్యుల్లో దూదేకుల కుటుంబానికి చెందిన సిద్దయ్య, మాదిగ కులానికి చెందిన కక్కయ్య ఉన్నారని సంప్రదాయం చెబుతుంది. తంబుర, చిడతలతో పాడే తత్వాలు ఈ పరంపరలో పుట్టి పల్లెపల్లెకూ వ్యాపించాయి. వాటిని పాడడానికి కులం, మతం అడ్డు రాలేదు.

కర్నూలు జిల్లా పడమటి భాగంలో కన్నడ దాసుల ప్రభావం బలమైనది. హరిదాసుల్లో ప్రముఖుడైన విజయదాసు 1755లో దేహం చాలించింది ఈ జిల్లాలోని చిప్పగిరిలోనే. 1671లో రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసిన మంత్రాలయం కూడా ఈ ప్రాంతంలోనిదే. ఆదవానిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ ఆ స్థలాన్ని మఠానికి ఇచ్చాడన్న కథ నేటికీ ప్రచారంలో ఉంది. ఇక్కడి తెలుగు ఇళ్ళలో కన్నడ దేవరనామాలు పాడుకోవడం ఇలాంటి చరిత్ర ఫలితమే. పండరి భజన పేరులోనే మహారాష్ట్రలోని పండరీపురం ఉంది. అంటే ఒక్క భజన మేళంలోనే తెలుగు, కన్నడ, మరాఠీ సంప్రదాయాల జాడలు కనిపిస్తాయి.

9.2.2 దర్గా, పీర్ల చావిడి, చర్చి

కర్నూలును 1839లో ఈస్టిండియా కంపెనీ స్వాధీనం చేసుకునే వరకు నవాబులు పాలించారు. కడపకూ నవాబుల చరిత్ర ఉంది. అందువల్ల ఉర్దూ ఈ పట్టణాల్లో పాలనా భాషగా, సాహిత్య భాషగా, ఇంటి భాషగా వేళ్ళూనింది. కడపలోని అమీన్ పీర్ దర్గా ఉరుసులో వినిపించే ఖవ్వాలీ ఈ వారసత్వంలోనిదే.

పల్లెల్లో మరో రూపం చూస్తాం. మొహర్రం నెలలో జరిగే పీర్ల పండుగను రాయలసీమ గ్రామాల్లో హిందువులు, ముస్లింలు కలిసి జరుపుతారు. కర్బలాలో హుసేన్ అమరత్వాన్ని తలచుకునే పదాలను తెలుగులో పాడతారు. గుండం చుట్టూ అడుగులు వేసేటప్పుడు తప్పెట వాయిస్తారు. అనంతపురం జిల్లా గూగూడులోని కుళ్ళాయప్ప పీరు ఉత్సవం దీనికి పేరుపొందిన ఉదాహరణ. ఈ ఉత్సవంపై అఫ్సర్ మహమ్మద్ ఆంగ్లంలో రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది. ఈ పదాల్లో ఉన్నది వినోదం కాదు, దుఃఖం. ఈ మాట తరగతి గది సందర్భంలో మళ్ళీ ప్రస్తావనకు వస్తుంది.

కడపలో లండన్ మిషనరీ సొసైటీ పందొమ్మిదో శతాబ్దం మొదటి పాదంలోనే పని ప్రారంభించింది. పాశ్చాత్య స్తుతిగీతాలను వాటి బాణీల్లోనే తెలుగులోకి మార్చి పాడించడం మొదటి పద్ధతి. ఆ బాణీలో తెలుగు మాటల దీర్ఘ హ్రస్వాలు దెబ్బతినేవి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు కర్ణాటక రాగతాళాల్లో క్రైస్తవ కీర్తనలు రచించిన తర్వాత తెలుగు చర్చికి తన గొంతు దొరికింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో అనేక పాటలకు రాగం, తాళం పేర్లు ఇచ్చి ఉండడం మీరు గమనించవచ్చు.

9.2.3 జానపద కళాకారులు

పత్తికొండ, ఆలూరు ప్రాంతాల గొరవయ్యలు మైలార లింగేశ్వరుని భక్తులు. నల్ల గొంగడి, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, చేతిలో డమరుకం, పిల్లనగ్రోవి వీరి గుర్తులు. వీరి పాటల్లో తెలుగు, కన్నడ కలిసిపోతాయి. బుడగ జంగాలు తంబుర, గుమ్మెటలతో కథలు చెబుతారు. సుగాలీ స్త్రీలు తీజ్ పండుగలో తమ బంజారా భాషలో పాడతారు. చెక్కభజన కుర్రాళ్ళు రామాయణ ఘట్టాలకు అడుగులు వేస్తారు. 1846లో కంపెనీ పాలనపై తిరగబడి, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథను అధికార పత్రాల కంటే ఎక్కువగా బతికించింది ఊరూరా తిరిగిన గాయకులే. చరిత్ర విద్యార్థులకు ఇది ముఖ్యమైన విషయం. పాట ఇక్కడ కళ మాత్రమే కాదు, చారిత్రక ఆధారం కూడా.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. అన్నమాచార్య సంకీర్తనల వరుసలు చాలావరకు ఆధునిక కాలానివని ఎందుకు అంటారు?
2. కర్నూలు జిల్లా పడమటి భాగంలో కన్నడ సంగీత ప్రభావానికి కారణాలు తెలపండి.

9.3 సంగీతం బడిలోకి వచ్చిన తీరు

పాత కాలంలో సంగీతం నేర్చుకోవడం అంటే గురువు ఇంట ఉండడం, లేదా కులవృత్తిగా తండ్రి దగ్గర నేర్చుకోవడం. గుడిలో నాదస్వరం వాయించే వారికి, ఊరి పనులకు తప్పెట కొట్టే వారికి మాన్యాలు ఉండేవి. అయితే మొదటిది సేవగా గౌరవం పొందితే, రెండోది చాలా చోట్ల వెట్టిగా మిగిలింది.

పందొమ్మిదో శతాబ్దం చివర నుంచి పరిస్థితి మారింది. 1901లో విష్ణు దిగంబర్ పలుస్కర్ లాహోర్‌లో గాంధర్వ మహావిద్యాలయం స్థాపించాడు. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని వెలువరించాడు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడింది. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. 1928లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ప్రారంభమైంది. స్వరలిపి, పాఠ్య ప్రణాళిక, పరీక్ష, పట్టా వచ్చాయి. దీని వల్ల గురువు ఇంటి గడప దాటలేని వారికి కూడా చదువు అందే అవకాశం కలిగింది. అది పెద్ద మేలు.

అదే సమయంలో ఒక నష్టం జరిగింది. స్వరలిపిలో రాయడానికి వీలైనదే పాఠ్యాంశమైంది. పరీక్ష పెట్టడానికి వీలైనదే శాస్త్రీయమైంది. తప్పెట దరువులు, తత్వాలు, పీర్ల పదాలు ఈ జల్లెడలో నిలవలేదు. ‘శాస్త్రీయం’, ‘జానపదం’ అనే రెండు గదులు ఏర్పడి, మొదటిది సంగీత కళాశాలకూ రెండోది తెలుగు శాఖ పరిశోధనకూ వెళ్ళాయి. 1950లలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయసాహిత్యంపై చేసిన కృషి విశ్వవిద్యాలయాల్లో ఈ రంగానికి చోటు కల్పించింది. కాని అక్కడ కూడా పాటను సాహిత్యంగా చదివినంతగా సంగీతంగా వినలేదు.

కర్నూలు నగరం శాస్త్రీయ సంగీతానికి గొప్ప గురువును ఇచ్చింది. వృత్తిరీత్యా వైద్యుడైన శ్రీపాద పినాకపాణి (1913–2013) ఇక్కడే స్థిరపడి, శ్రుతిశుద్ధమైన బాణీని తరువాతి తరానికి అందించాడు. 1983లో ఆయన సంగీత కళానిధి బిరుదు పొందాడు. నూకల చిన సత్యనారాయణ, నేదునూరి కృష్ణమూర్తి వంటి వారు ఆయన శిష్యులు. అయినా అదే జిల్లాలోని సామాన్య ఉన్నత పాఠశాలకు సంగీతం ఒక సబ్జెక్టుగా పెద్దగా చేరలేదు. 1952–53 నాటి మాధ్యమిక విద్యా కమిషన్ లలిత కళలను ఐచ్ఛిక వర్గాల్లో ఒకటిగా సూచించింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ కళావిద్యపై నిర్లక్ష్యాన్ని ఎత్తి చూపింది. కాని సంగీతం చెప్పే ఉపాధ్యాయుడి పోస్టు లేని బడిలో సిఫారసు కాగితం మీదే ఉండిపోతుంది.

1980లలో జాతీయ సమైక్యత లక్ష్యంతో సామూహిక గానం ఊపందుకుంది. వేర్వేరు భారతీయ భాషల పాటలను పిల్లలంతా కలిసి పాడడం మంచి ప్రయత్నమే. దానిలో ఒక పరిమితి ఉంది. అస్సామీ పాటైనా, పంజాబీ పాటైనా అదే హార్మోనియం, అదే వరుస కట్టు, అదే ఊపు. మాట మారింది గాని సంగీతం మారలేదు. తెలుగు పిల్లవాడు గుజరాతీ పాట నేర్చుకున్నాడు గాని పక్కవీధి పాటను వినలేదు.

జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం – 2005 ఈ దృష్టిని మార్చింది. సంగీతం, నృత్యం, చిత్రకళ, నాటకం పాఠశాల విద్యలో అంతర్భాగం కావాలనీ, స్థానిక కళలకూ కళాకారులకూ చోటు ఉండాలనీ చెప్పింది. విద్యాహక్కు చట్టం – 2009 షెడ్యూలు ప్రకారం వందకు మించి విద్యార్థులున్న ప్రాథమికోన్నత దశ పాఠశాలల్లో కళావిద్యకు పార్ట్‌టైం బోధకుడు ఉండాలి. 2020 జాతీయ విద్యా విధానం కూడా స్థానిక కళాకారులను బడికి రప్పించాలని సూచించింది. చట్టపరంగా చూస్తే తలుపు తెరిచే ఉంది. లోపలికి ఎవరిని, ఎలా పిలవాలన్నదే ఇప్పటి ప్రశ్న.

9.4 ఇతర దేశాల అనుభవం

ఈ ప్రశ్న మనకు మాత్రమే ఎదురైనది కాదు. అమెరికాలో చాలాకాలం పాఠశాల సంగీతం అంటే ఐరోపా శాస్త్రీయ సంగీతమే. నల్లజాతివారి పౌరహక్కుల ఉద్యమం సాగుతున్న రోజుల్లో, 1967లో మసాచుసెట్స్‌లోని టాంగిల్‌వుడ్‌లో సంగీత అధ్యాపకులు సమావేశమై, అన్ని కాలాల, అన్ని శైలుల, అన్ని సంస్కృతుల సంగీతం పాఠ్య ప్రణాళికలో ఉండాలని ప్రకటించారు. అంతకు ముందే 1960లో మాంటిల్ హుడ్ అనే పండితుడు ‘ద్విసంగీత సామర్థ్యం’ అనే భావనను ప్రతిపాదించాడు. రెండు భాషలు మాట్లాడినట్టే రెండు సంగీతాలను లోపలి నుంచి నేర్చుకోవచ్చన్నది దాని సారం. పుస్తకంలో చదివితే చాలదు, వాయించి, పాడి నేర్చుకోవాలన్నాడు. బ్రిటన్‌లో 1985 నాటి స్వాన్ నివేదిక, వలస కుటుంబాల పిల్లలకే కాక అందరు పిల్లలకూ బహుళ సంస్కృతుల విద్య అవసరమని చెప్పింది.

ఈ దేశాలకూ మనకూ ఒక తేడా ఉంది. అక్కడ ఇతర సంస్కృతి చాలావరకు వలస వచ్చినవారిది. కోడుమూరులో అది తరతరాల పొరుగువారిది. అక్కడ ఉపాధ్యాయుడు దూరపు సంగీతాన్ని దగ్గరికి తేవాలి. ఇక్కడ దగ్గరున్న సంగీతాన్ని వినేలా చేయాలి. మొదటి దానికి రికార్డులు, ప్రయాణాలు కావాలి. రెండో దానికి మన అలవాట్లను ప్రశ్నించుకోవడం కావాలి. రెండింటిలో రెండోదే కష్టం.

9.5 రాజ్యాంగం, తరగతి గది

మన ప్రాంతపు సంగీతంలో అధిక భాగం భక్తితో ముడిపడింది. కీర్తన, ఖవ్వాలీ, క్రైస్తవ గీతం, పీర్ల పదం అన్నీ ఏదో ఒక విశ్వాసానికి చెందినవే. మరి ప్రభుత్వ పాఠశాలలో వీటిని బోధించవచ్చా?

రాజ్యాంగం 28(1) అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన చేయరాదు. 28(3) ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే సంస్థలో కూడా విద్యార్థి, మైనరైతే సంరక్షకుడు, అంగీకరించకుండా మతబోధనలో గాని ఆరాధనలో గాని పాల్గొనమని నిర్బంధించరాదు. మరోవైపు 1976 నాటి 42వ సవరణ ద్వారా చేరిన 51ఎ(ఎఫ్) అధికరణ, మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం ప్రతి పౌరుని విధి అని చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి చదవాలి.

సుప్రీంకోర్టు తీర్పులు రెండు ఇక్కడ ఉపయోగపడతాయి. 1986లో బిజో ఇమాన్యుయేల్ కేసులో, జాతీయ గీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడి, విశ్వాస కారణంగా పాడని కేరళ విద్యార్థులను బడి నుంచి తీసివేయడం చెల్లదని కోర్టు తీర్పు చెప్పింది. 2002లో అరుణా రాయ్ కేసులో, మతాల గురించి తెలుసుకునే అధ్యయనం వేరు, 28వ అధికరణ నిషేధించే మతబోధన వేరు అన్న భేదాన్ని అంగీకరించింది.

వీటి నుంచి ఉపాధ్యాయుడు గ్రహించవలసిన సూత్రాలు మూడు. ఒకటి, పాట గురించి చెప్పడం వేరు, పాటతో ఆరాధన చేయించడం వేరు. రెండు, వినడం అందరికీ పాఠం కావచ్చు గాని పాడడం బలవంతం కారాదు. మూడు, ఒకే మతం పాటలు ఏడాది పొడవునా వినిపించి, మిగిలినవాటిని ఏడాదికొక రోజుకు పరిమితం చేస్తే అది సంగీత బోధన అనిపించుకోదు. ఈ మూడో సూత్రం ఏ తీర్పులోనూ ఈ మాటల్లో లేదు. న్యాయబుద్ధి ఉన్న ఉపాధ్యాయుడికి అది చెప్పకనే తెలుస్తుంది.

9.6 కులం, స్త్రీలు, గౌరవం

బహుళ సంస్కృతులు అనగానే మనం మతాలను, భాషలను లెక్కపెడతాం. మన ప్రాంతంలో అంతకంటే లోతైన గీత కులానిది. తప్పెట లేనిదే జాతర లేదు, ఊరేగింపు లేదు, చావు లేదు. కాని వాయిద్యం తోలుతో చేసినదన్న కారణం చెప్పి, వాయించే మనిషిని దూరం పెట్టారు. మృదంగం ముఖాలు కూడా తోలే. ఆ తోలును సిద్ధం చేసే చేతులు కూడా అవే. అయితే మృదంగం వేదిక ఎక్కింది, తప్పెట గేటు దగ్గర ఆగింది. తేడా వాయిద్యంలో లేదు, సమాజం ఇచ్చిన స్థానంలో ఉంది. దళిత ఉద్యమాలు డప్పును ఆత్మగౌరవ చిహ్నంగా నిలబెట్టిన తర్వాత ఈ దృష్టి కొంత మారింది.

అందువల్ల ఉపాధ్యాయుడు ఒక జాగ్రత్త పాటించాలి. తప్పెట నేర్పాలనుకున్నప్పుడు ఆ కుటుంబపు పిల్లవాణ్ణే లేపి ‘నువ్వు వాయించు’ అనడం గౌరవం కాదు. అది అతని కులాన్ని తరగతి ముందు ప్రకటించడమే అవుతుంది. అతను ముందుకు వస్తే సంతోషం, రాకపోతే అది అతని హక్కు. తప్పెటను తరగతిలో అందరూ చేతపట్టినప్పుడే ఆ వాయిద్యం బడిలోకి వచ్చినట్టు.

స్త్రీల విషయంలో చరిత్ర మరింత చిక్కుగా ఉంది. కర్నూలు, బళ్ళారి ప్రాంతాల్లో బాలికలను బసివిలుగా దేవతకు అంకితం చేసే దురాచారం ఉండేది. 1947 నాటి మద్రాసు చట్టం, 1988 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఇలాంటి అంకితాలను నిషేధించాయి. నిషేధం న్యాయమైనది, అవసరమైనది. కాని చట్టం ఆపింది అంకితాన్ని. సమాజం మాత్రం ఆ స్త్రీల పాటను, ఆటను కూడా అవమానంగా చూసింది. ఆడపిల్ల నలుగురిలో పాడితే తప్పు అన్న భావన చాలా ఇళ్ళలో ఇటీవలి దాకా ఉండేది. తొమ్మిదో తరగతి బాలిక తరగతిలో గొంతెత్తి పాడడానికి వెనకాడితే ఆ జంకు వెనక ఇంత చరిత్ర ఉందని ఉపాధ్యాయుడికి తెలిసి ఉండాలి.

కులమత గీతలను సంగీతం దాటిన సందర్భాలు కూడా పిల్లలకు చెప్పాలి. ప్రకాశం జిల్లా కరవదికి చెందిన షేక్ చినమౌలానా (1924–1999) నాదస్వర విద్వాంసుడు. తరతరాలుగా ఆలయ వాద్యం వాయించిన ముస్లిం కుటుంబం ఆయనది. శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నాడు. ఇలాంటి ఉదాహరణను ‘చూశారా, అంతా సవ్యంగానే ఉంది’ అనడానికి కాక, ‘ఇది సాధ్యమైనప్పుడు అది ఎందుకు కాలేదు’ అని అడగడానికి వాడుకోవాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
3. మతబోధనకూ మత సంగీతం గురించిన బోధనకూ భేదం ఏమిటి?
4. తప్పెట నేర్పేటప్పుడు ఉపాధ్యాయుడు పాటించవలసిన జాగ్రత్త ఏమిటి? ఎందుకు?

9.7 తరగతిలో బోధన: కొన్ని మార్గాలు

మీలో కొందరు ఇప్పటికే ఉపాధ్యాయులు కావచ్చు, మరికొందరు కాబోయేవారు కావచ్చు. సంగీతం తెలియకపోయినా కింది పనులు చరిత్ర, తెలుగు, సాంఘికశాస్త్రం చెప్పేవారు చేయగలరు.

(అ) ఊరి పాటల పటం: విద్యార్థులు తమ ఊరి పటం గీసి, ఏ చోట, ఏ నెలలో, ఎవరు, ఏ పాట పాడతారో గుర్తించాలి. గుడి, మసీదు, చర్చి, పీర్ల చావిడి, కళ్ళం, తండా అన్నీ పటంలోకి రావాలి. ఏ వీధి ఖాళీగా ఉందో చూసి, అది నిజంగా ఖాళీయా, మనం అడగలేదా అని చర్చించాలి.

(ఆ) మౌఖిక చరిత్ర: కళాకారుడి దగ్గరకు వెళ్ళినప్పుడు పేరు, వయసు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు, ఇప్పుడు ఎంతమంది పాడుతున్నారు అన్న వివరాలు తేదీతో సహా రాసుకోవాలి. ఫోన్‌లో రికార్డు చేసే ముందు అనుమతి అడగాలి. కళాకారుణ్ణి బడికి పిలిస్తే ఉపాధ్యాయుడికి ఇచ్చే కుర్చీయే ఇవ్వాలి. ఆ పూట కూలి పోతుంది కాబట్టి పారితోషికం కూడా ఇవ్వాలి. చప్పట్లు కూలికి బదులు కావు.

(ఇ) లయ ద్వారా పోలిక: ఖవ్వాలీలో తరచు వినిపించే కహర్వా ఎనిమిది మాత్రల తాళం. కర్ణాటక సంగీతంలో ఆదితాళానికీ ఎనిమిది క్రియలే. విద్యార్థులు రెండింటినీ చేతితో వేసి, లెక్క ఒకటే అయినా బరువు పడే చోటు, నడక ఎలా వేరో గమనించాలి. తర్వాత తప్పెట దరువులో ఎన్ని దెబ్బలు ఉన్నాయో వారే లెక్కించాలి. దీనికి వాయిద్యం కూడా అక్కరలేదు, బల్ల చాలు.

(ఈ) స్వరం ద్వారా పోలిక: మోహన రాగంలోని ఐదు స్వరాలే హిందుస్తానీ భూప్‌లో ఉన్నాయి. చైనా, స్కాట్లండ్ జానపద గీతాల్లోనూ అదే ఐదు స్వరాల వరుస వినిపిస్తుంది. కల్యాణికీ యమన్‌కూ అలాంటి చుట్టరికమే ఉంది. అయితే పేరు చూసి మోసపోరాదు. కర్ణాటక భైరవి వేరు, హిందుస్తానీ భైరవి వేరు. రెండోది మన తోడికి దగ్గర. స్వరాలు కలిసినంత మాత్రాన సంగీతం ఒకటి కాదు, గమకం, ఉచ్చారణ, సందర్భం దాన్ని వేరు చేస్తాయి.

(ఉ) సందర్భానికి గౌరవం: పీర్ల పదం శోకగీతం. దాన్ని వార్షికోత్సవంలో హుషారు నృత్యంగా మారిస్తే పాట మిగులుతుంది గాని అర్థం పోతుంది. గొరవయ్య వేషం భక్తికి గుర్తు, అది ఫ్యాన్సీ డ్రెస్ పోటీకి కాదు. కొన్ని పాటలను పాడించకుండా, విని మాట్లాడుకోవడమే సరైన బోధన.

(ఊ) మూల్యాంకనం: ఎవరి గొంతు బాగుంది అన్నది కొలమానం కారాదు. పరిచయం లేని పాటను ఓపికగా విన్నాడా, తేడాను తన మాటల్లో చెప్పగలిగాడా, కళాకారుడి వివరాలను సరిగా నమోదు చేశాడా అన్నవి చూడాలి.

ఈ పద్ధతికి అభ్యంతరాలు ఉన్నాయి. పదో తరగతి పరీక్షల ఒత్తిడిలో సమయం ఏదీ అంటారు. తల్లిదండ్రులు ఒప్పుకోరని అంటారు. అన్నీ కొంచెం కొంచెం నేర్పితే ఏదీ రాదని సంగీత విద్వాంసులు అంటారు. మూడో అభ్యంతరంలో బలం ఉంది. సంగీతం సాధనతోనే వస్తుంది, నెలకొక సంప్రదాయాన్ని తాకి వదిలేస్తే విద్వత్తు రాదు. కాని ఉన్నత పాఠశాల లక్ష్యం విద్వాంసులను తయారుచేయడం కాదు. పొరుగువాడి పాటను వినగల చెవిని తయారుచేయడం. సాధన చేయగోరేవారికి సంగీత కళాశాలలు ఉన్నాయి. ఆ చెవి లేకుండా పెరిగినవారికి మాత్రం తర్వాత దాన్ని ఇచ్చే సంస్థ ఏదీ లేదు. మొదటి రెండు అభ్యంతరాలకు సమాధానం చిన్నగా మొదలుపెట్టడమే. ఊరి పాటల పటం సాంఘికశాస్త్ర ప్రాజెక్టుగా చేయవచ్చు. పిల్లలు తమ అవ్వల దగ్గరకు వెళ్ళి పాట అడిగితే కాదనే తల్లిదండ్రులు అరుదు.

9.8 సారాంశం

కర్నూలు, కడప ప్రాంతాల సంగీతం ఒకే మూలం నుంచి వచ్చింది కాదు. తెలుగు కీర్తన, తత్వం, కన్నడ దాస సాహిత్యం, ఉర్దూ ఖవ్వాలీ, పీర్ల పదాలు, క్రైస్తవ గీతాలు, జానపద కళారూపాలు శతాబ్దాలుగా పక్కపక్కనే పెరిగాయి, ఒకదాని నుంచి ఒకటి తీసుకున్నాయి. ఇరవయ్యో శతాబ్దపు సంగీత విద్యాసంస్థలు చదువును కొందరికి చేరువ చేస్తూనే అనేక సంప్రదాయాలను బయట ఉంచాయి. 2005 తర్వాతి విధానాలు స్థానిక కళలకు చోటు కల్పించాయి. రాజ్యాంగం మతబోధనను నిషేధిస్తూనే సమ్మిశ్ర సంస్కృతిని గౌరవించమంటుంది. ఈ రెంటి మధ్య వివేకంతో నడవడం ఉపాధ్యాయుడి బాధ్యత.

ఉపోద్ఘాతంలో చెప్పిన నా సహాధ్యాయి పదో తరగతి తర్వాత చదువు మానేశాడు. అతను తప్పెట ఎన్నడూ పట్టలేదని తర్వాత తెలిసింది. తండ్రి విద్య ఆ ఇంట్లో అక్కడితో ఆగిపోయింది. ఒక దరువు పోవడానికి యుద్ధాలు, కరువులు అక్కరలేదు. ఒక పిల్లవాడు సిగ్గుపడితే చాలు. ఆ సిగ్గును నేర్పింది బడి అయినప్పుడు, దాన్ని మరపించవలసినది కూడా బడే.

9.9 ముఖ్య పదాలు

తత్వం: ఆధ్యాత్మిక, సామాజిక భావాలను సులభమైన తెలుగులో చెప్పే గేయం.
దేవరనామం: కన్నడ హరిదాసులు రచించిన భక్తిగేయం.
ఉరుసు: సూఫీ గురువు వర్ధంతి సందర్భంగా దర్గాలో జరిగే ఉత్సవం.
తప్పెట: డప్పుకు రాయలసీమలో వాడుక పేరు.
సమ్మిశ్ర సంస్కృతి: వివిధ మతాల, భాషల, సమూహాల కలయికతో రూపొందిన ఉమ్మడి సంస్కృతి.
మౌఖిక చరిత్ర: వ్యక్తుల జ్ఞాపకాలను, చెప్పిన మాటలను ఆధారంగా చేసుకుని రాసే చరిత్ర.

9.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కర్నూలు, కడప ప్రాంతాల సంగీత వారసత్వంలో వివిధ మతాల, భాషల పాత్రను వివరించండి.
2. ఇరవయ్యో శతాబ్దంలో సంగీత విద్య సంస్థాగతం కావడం వల్ల కలిగిన మేలును, నష్టాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. 28వ అధికరణ, 51ఎ(ఎఫ్) అధికరణల వెలుగులో పాఠశాల సంగీత బోధన హద్దులను తెలపండి.
2. టాంగిల్‌వుడ్ ప్రకటన నేపథ్యాన్ని రాసి, మన ప్రాంత పరిస్థితితో పోల్చండి.

III. అభ్యాస కృత్యం
మీ ఊరిలో అరవై ఏళ్ళు దాటిన ఒక గాయకుణ్ణి గాని, వాద్యకారుణ్ణి గాని కలిసి, వారి అనుమతితో వారి సంగీత జీవితాన్ని రెండు పుటల్లో నమోదు చేయండి. వారు ఎవరికి నేర్పారు, ఎవరికి నేర్పలేకపోయారు అన్న ప్రశ్న తప్పక అడగండి.